నీళ్ల గది తాళం

నర్సింగ్ స్కూల్లో తోటి పిల్లలు ఆమెకు పెట్టిన పేరు పిచ్చుక. బక్కపలచని మనిషి, గబగబా అడుగులు, ఒకచోట కుదురుగా నిలబడదు. నలభై రెండేళ్లు వచ్చి పాపిట దగ్గర జుట్టు నెరిసినా ఆ పేరు ఆమెను వదల్లేదు. చేస్తున్న ఉద్యోగం కూడా పేరుకు తగ్గట్టే కుదిరింది. ఏ ఆసుపత్రిలో నర్సులు తక్కువ పడితే అక్కడికి ఏజెన్సీ వాళ్లు పంపిస్తారు. పదమూడు వారాలు. ఒక పెట్టె, రెండు జతల తెల్లబూట్లు, ఓ అద్దెగది. గడువు కాగానే మళ్లీ పెట్టె సర్దుకోవడమే. ఎవరో ప్రసవానికి సెలవు పెడతారు, ఎవరో కాలు విరగ్గొట్టుకుంటారు, ఇంకెవరో చెప్పాపెట్టకుండా మానేస్తారు. ఆ ఖాళీలో వెళ్లి నిలబడాలి.

ఆరేళ్లలో పద్నాలుగు ఆసుపత్రులు తిరిగింది. డయాలసిస్ ఆమె పని. మూత్రపిండాలు పాడైన వాళ్ల రక్తాన్ని గొట్టంలోంచి యంత్రంలోకి తీసి, శుభ్రపరిచి, తిరిగి ఒంట్లోకి పంపాలి. సూది గుచ్చడంలో ఆమెది చల్లని చెయ్యి అని ఎక్కడికెళ్లినా రెండో రోజుకే పేరొచ్చేది. అయినా ప్రతి కొత్తచోటా మొదటి వారం ఆమెకు ముద్ద గొంతు దిగదు. ఆపద ముంచుకొస్తే ఆక్సిజన్ ఏ మూల ఉందో, మందుల బండిలో ఏ సొరుగులో ఏముందో, డాక్టర్‌ని పిలవడానికి ఏ నంబరు నొక్కాలో పాతవాళ్లకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆమెకు కళ్లింత చేసుకుని వెతికినా దొరకవు. అందుకని జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని అన్నీ రాసుకునేది. అద్దెగదికి వెళ్లాక పాఠంలా వల్లె వేసుకునేది.

"నీకు జీతంతో పాటు భయం కూడా కలిపి ఇస్తున్నారే ఏజెన్సీ వాళ్లు" అని అక్క ఫోన్లో నవ్వేది. పిచ్చుక కూతురు అక్క దగ్గరే ఉండి చదువుకుంటోంది.

అక్క నవ్వుతుందిగానీ, ఆ భయం ఎక్కడ ముదిరిందో ఆమెకూ తెలుసు. రెండేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో పిచ్చుక డయాలసిస్ నీళ్లు పరీక్ష చేస్తే రంగు తేడాగా కనిపించింది. గగ్గోలు పెట్టి ఎనిమిది యంత్రాలు ఆపించింది. తీరా చూస్తే నీళ్లు బంగారంలా ఉన్నాయి. పరీక్షకు వాడిన పొడికే గడువు తీరిపోయింది. ఎనిమిది మంది రోగులు సగంలో లేచి వెళ్లారు. అక్కడివాళ్లు ఆమె ఎదురుగానే నవ్వారు. రెండో రోజు ఏజెన్సీ నుంచి ఫోను, పెట్టె సర్దుకోమని. ఆ తర్వాత నాలుగు నెలలు ఎక్కడికీ పంపలేదు. "తొందరపాటు మనిషి" అని ఆమె కాగితాల్లో ఎవరో రాసిపెట్టారట. అప్పటినుంచి నోరు తెరవాలంటే ముందు పదిసార్లు ఆలోచించేది.

ఇప్పుడు వచ్చిన యూనిట్ చిన్నది. మూడో అంతస్తులో పొడుగాటి హాలు, కిటికీల వైపు ఆరు మంచాలు, తలవైపు ఆరు యంత్రాలు. హాలు చివర సన్నటి నడవా, ఆ నడవా కొసన నీళ్ల గది. యూనిట్ ఇన్‌ఛార్జి యాభై దాటిన టెక్నీషియన్. బొజ్జ మీద బెల్టు, చెవి మీద పెన్ను, ఇరవై ఏళ్లుగా అదే హాలు. చెడ్డవాడేం కాదు. రోగులందరినీ బాబాయ్, అత్తా అని వరసలు పెట్టి పిలుస్తాడు, వాళ్లింట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఈయనకు తెలుస్తుంది.

మొదటిరోజు ఆయన ఒక కాగితాల కట్ట ఆమె ముందు పడేశాడు. "ఇవన్నీ మీకు నేర్పించినట్టు సంతకాలండీ సిస్టర్. ముప్పై ఒక్క పేజీ. గబగబా గీకేయండి, రోగులు ఎదురుచూస్తున్నారు."

పది నిమిషాల్లో ముప్పై ఒక్క సంతకం పెట్టింది. ఎక్కడైనా అంతే.

"నీళ్ల గది ఒకసారి చూపిస్తారా సార్?" అని అడిగింది.

"అది నా కాపురం సిస్టర్. మీరటు చూడక్కర్లేదు. మీ సూదులేవో మీరు చూసుకోండి. పదమూడు వారాలు హాయిగా గడిపి వెళ్లండి" అన్నాడు నవ్వుతూ.

ఇంకోసారి అడగాలనిపించింది. వచ్చీరాగానే పేచీకోరు అనిపించుకోవడం ఎందుకని ఊరుకుంది.

మొదటి మంచం దర్జీ తాతది. డెబ్బై ఏళ్ల మనిషి, వారానికి మూడుసార్లు వస్తాడు. ఆమెను ఎగాదిగా చూసి, "ఈ చొక్కా నీ కొలతలకు కుట్టింది కాదమ్మాయ్. భుజాలు జారుతున్నాయి. ఎవరిదన్నా అరువు తెచ్చుకున్నావా?" అన్నాడు.

పక్క మంచం మీది పంతులమ్మ లెక్కలు చెప్పే మనిషి, మాట కూడా లెక్కగానే వదుల్తుంది. "చొక్కా ఏంటి తాతా, సిస్టర్‌నే అరువు తెచ్చారు. పదమూడు వారాల్లో తిరిగిచ్చేయాలి" అంది.

హాలంతా నవ్వారు. ఆ పూట నుంచి ఆమె అరువు సిస్టర్ అయిపోయింది. ఆమెకూ నవ్వొచ్చింది. ఇక్కడ పరవాలేదేమో అనుకుంది.

మూడో రోజు పొద్దున అద్దెగదిలో పళ్లు తోముకుని నోరు పుక్కిలిస్తే నీళ్లు గుప్పున బ్లీచింగు వాసన కొట్టాయి. కింది వాటా ఆవిడ మెట్ల దగ్గర కనిపించి, "పెద్ద గొట్టం పగిలి నిన్నంతా బురదనీళ్లు వదిలారు కదా, ఇవాళ మందు దండిగా కలిపినట్టున్నారు. తాగడానికి పనికొస్తాయిలే, కాస్త వాసన అంతే" అంది.

తాగడానికి పనికొస్తాయి. పిచ్చుక ఆ మాట తలచుకుంటూనే ఆసుపత్రికి నడిచింది. మనిషి తాగితే ఏమీ కాని నీళ్లు డయాలసిస్‌కు విషం. ఒక్కో రోగికి నాలుగు గంటల్లో నూరు లీటర్లకు పైగా నీళ్లు యంత్రంలో పారతాయి, రక్తానికీ ఆ నీళ్లకూ మధ్య ఉండేది ఉల్లిపొర లాంటి పొర. నీళ్లలో క్లోరిన్ మిగిలిపోతే ఆ పొర దాటి రక్తంలో పడుతుంది, రక్తకణాలు పగిలిపోతాయి. దాన్ని పట్టి ఉంచడానికే నీళ్ల గదిలో రెండు పెద్ద బొగ్గు ట్యాంకులు ఉంటాయి. ఆ బొగ్గు ఇంకా పనిచేస్తోందా లేదా అని రోజూ రోగుల్ని ఎక్కించకముందే పరీక్ష చేసి చూడాలి. చిన్న సీసాలో నీళ్లు పట్టి చిటికెడు పొడి వేస్తే చాలు. తెల్లగా ఉంటే మంచివి, గులాబీ రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు.

హాల్లోకి వెళ్తూనే అడిగింది. "సార్, ఇవాళ నీళ్లు చూశారా? ఊరి కుళాయిల్లో బ్లీచింగు వాసన బాగా వస్తోంది."

"చూశాను, చూశాను. పుస్తకంలో రాసుంది. మీరు తాతని ఎక్కించండి, ఇప్పటికే ఆలస్యం."

ఆరుగురినీ ఎక్కించేసరికి ఏడుంబావు అయింది. ఇన్‌ఛార్జి సామాను తేవడానికి కింద స్టోరుకు వెళ్లాడు. హాల్లో ఆమె, ఆయా, ఆరుగురు రోగులు మిగిలారు. యంత్రాలు ఒకే తీరున గుర్రుగుర్రుమంటున్నాయి. బల్ల మీద నీళ్ల పుస్తకం ఉంది. ఊరికే ఒకసారి చూద్దామని తెరిచింది.

ఇవాళ్టి తారీకు, పక్కన "సరిగా ఉన్నాయి", సంతకం. హమ్మయ్య అనుకుంది. వేలు కిందికి జరిగింది. కింది గడిలో రేపటి తారీకు. పక్కన "సరిగా ఉన్నాయి", సంతకం. ఎల్లుండిదీ అంతే. శనివారం దాకా అన్ని గడులూ నింపి ఉన్నాయి, అదే సిరాతో, అదే చేతిరాతతో.

పుస్తకం మూసేసింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది, తప్పు చేసింది తనే అన్నట్టు.

"అరువు సిస్టర్" అని పిలిచాడు దర్జీ తాత. "తల బద్దలైపోతోందమ్మా."

దగ్గరికి వెళ్లి బీపీ చూసింది. కొంచెం ఎక్కువుంది. తలనొప్పి డయాలసిస్‌లో మామూలే, ఆరుగురిలో ఒకరికైనా వస్తుంది. దిండు సర్ది, "కాసేపు కళ్లు మూసుకోండి తాతా" అంది.

ఐదు నిమిషాలు గడవలేదు, పంతులమ్మ చెయ్యెత్తింది. "సిస్టర్, కడుపులో తిప్పుతోంది. వాంతొచ్చేలా ఉంది."

అదీ మామూలే. కానీ ఇద్దరికీ ఒకేసారా? నాలుగో మంచం మీది లారీ డ్రైవరు నడుము కింద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ కదులుతున్నాడు. "ఏమైంది అన్నా?" అంటే, "నడుం పట్టేసింది సిస్టర్. ఎప్పుడూ లేదు" అన్నాడు.

అప్పుడు ఆమె వాళ్ల ముఖాల మీంచి చూపు తిప్పి గొట్టాల వైపు చూసింది. దర్జీ తాత గొట్టంలో రక్తం ఎర్రగా లేదు. కాచిన కషాయంలా నల్లబారి ఉంది. పంతులమ్మదీ అదే రంగు. పక్కవాళ్లది చూసింది, అదే. కిటికీ వెలుతురు వల్ల అలా కనిపిస్తోందా? తెర లాగి చూసింది. తెర లాగినా అదే రంగు.

ఇన్‌ఛార్జికి ఫోను చేసింది. స్టోరు నేలమాళిగలో ఉంది, ఫోను కలవలేదు. మళ్లీ చేసింది. కలవలేదు.

ఆపేద్దామా? చెయ్యి యంత్రం దాకా వెళ్లి ఆగింది. రెండేళ్ల కిందటి నవ్వులు చెవిలో వినిపించాయి. తొందరపాటు మనిషి. ఈసారీ పొరపాటైతే ఇక ఏజెన్సీ గడప తొక్కనివ్వదు. కూతురి చదువు పూర్తవడానికి ఇంకా రెండేళ్లుంది. ఒకవేళ పొరపాటు కాకపోతే? ప్రతి నిమిషం ఆ నీళ్లు ఆరుగురి రక్తంలోకి వెళ్తున్నాయి.

"పెద్దమ్మా" అని ఆయాను పిలిచింది. "నీళ్ల గది తాళం ఎక్కడుంటుంది?"

ఆయా అరవై ఏళ్ల మనిషి, మాట తక్కువ. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. "నా దగ్గరే ఉంటుందమ్మా. ఎవరూ అడగరు."

ఎవరూ అడగరు. పిచ్చుక ఆ మాట విని నిలబడలేదు. "నువ్విక్కడే ఉండు. ఎవరన్నా తూలితే గట్టిగా కేకెయ్" అని నడవాలో పరుగెత్తింది.

తాళం తుప్పు పట్టి ఉంది. రెండుసార్లు తిప్పితేగానీ రాలేదు. తలుపు తీయగానే ముక్కు పుటాలు మండాయి. లోపల చెమ్మ, మోటారు రొద, మనిషెత్తు ట్యాంకులు. గోడకున్న అరలో పరీక్ష పెట్టె దొరికింది. దాని సీలు ఇంకా ఊడలేదు. ఒక్కసారి కూడా తెరిచిన పెట్టె కాదది. ముందు గడువు తేదీ చూసింది. ఇంకో ఏడాది ఉంది. సీలు రాకపోతే పళ్లతో చింపింది. మొదటి ట్యాంకు తర్వాత ఉన్న కుళాయి తిప్పి సీసాలో నీళ్లు పట్టి పొడి వేసింది.

పొడి కరుగుతూండగానే నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. చూస్తుండగానే ముదిరాయి.

రెండో ట్యాంకు తర్వాత పట్టింది. అదే రంగు. ఇంకా నమ్మకం చిక్కలేదు. గడువు ఉన్న పొడి కూడా చెడిపోవచ్చు కదా. జేబులో చిన్న సెలైన్ సీసా ఉంది, అందులో క్లోరిన్ ఉండదు. దాని మూత విరిచి మూడో సీసాలో పోసి పొడి వేసింది. పది దాకా లెక్కపెట్టింది. ఇరవై దాకా లెక్కపెట్టింది. అది తెల్లగానే ఉండిపోయింది.

పొడి మంచిదే. నీళ్లే విషం.

హాలు నుంచి ఆయా కేక వినిపించింది.

పరుగున వచ్చేసరికి దర్జీ తాత ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఎగశ్వాస తీస్తున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఇక పిచ్చుక ఆలోచించలేదు. మొదటి యంత్రం పంపు ఆపింది, రక్తం కదలకుండా గొట్టాలకు రెండు వైపులా క్లాంపులు బిగించింది. పంతులమ్మ దగ్గరికి దూకింది, ఆపింది, బిగించింది. మూడో మంచం. యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి అలారంతో అరవడం మొదలుపెట్టాయి.

"ఏం చేస్తున్నారు మీరు!" గుమ్మంలో ఇన్‌ఛార్జి, చేతుల్లో అట్టపెట్టెలు. పెట్టెలు కింద పడేసి వచ్చాడు. "ఎవరడిగి ఆపారు? ఎవరిచ్చారు మీకీ అధికారం?"

"నీళ్లలో క్లోరిన్ ఉంది సార్. రెండు ట్యాంకుల్లోనూ బొగ్గు పనిచెయ్యట్లేదు."

"ఎవరు చెప్పారు? ఇరవై ఏళ్లుగా ఈ ట్యాంకులు నడుపుతున్నా, ఏనాడూ ఏమీ కాలేదు. నిన్నగాక మొన్న వచ్చి..." అంటూనే దర్జీ తాత యంత్రం దగ్గరికి వెళ్లి క్లాంపు వదులు చేయబోయాడు. "కనీసం గొట్టంలో రక్తమన్నా లోపలికి పంపనివ్వండి. గ్లాసెడు రక్తం పారబోస్తారా? ఆయన ఒంట్లో ఉన్నదే అంతంత మాత్రం!"

పిచ్చుక ఆయన మణికట్టు పట్టుకుంది. తన చేతిలో అంత బలం ఉందని ఆమెకే తెలియదు. "పంపకండి సార్. అది చచ్చిన రక్తం. లోపలికి వెళ్తే గుండె ఆగిపోతుంది. ఒక్కసారి దాని రంగు చూడండి. నా మాట నమ్మొద్దు, మీ కళ్లతో మీరే చూడండి."

ఆయన గొట్టం వైపు చూశాడు. తర్వాత తాత పెదవులు చూశాడు. "బాబాయ్" అన్నాడు మెల్లగా. గిరుక్కున తిరిగి ఐదో మంచం వైపు పరుగెత్తాడు. మిగిలిన మూడు యంత్రాలూ ఆయనే ఆపాడు.

ఆమె చిన్న పుస్తకంలో రాసుకున్న నంబరు నొక్కింది. డాక్టర్ రెండో మోగుకే ఎత్తింది. పిచ్చుక నాలుగు ముక్కల్లో చెప్పింది. "రక్తం వెనక్కి పంపలేదుగా?" అని అడిగింది డాక్టర్. "లేదు మేడమ్." "మంచి పని చేశావు. అందరికీ ఆక్సిజన్ పెట్టు, గుండె మానిటర్లు తగిలించు. తాత గుండె ఆగకుండా కాల్షియం ఇంజెక్షన్ సిద్ధం చెయ్. మెట్ల మీదున్నా, వచ్చేస్తున్నా."

కాల్షియం మందుల బండిలో మూడో సొరుగు, ఎడమ వైపు. చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లింది. మానిటర్ మీద తాత గుండె గీత సూదుల్లా లేస్తోంది. డాక్టర్ వచ్చేలోపు ఆయన ఒకసారి కళ్లు తెరిచి, "అమ్మాయ్, ఊపిరి చాలట్లేదు" అన్నాడు. అంతే, తల పక్కకి వాలిపోయింది.

ఆ తర్వాత హాలు నిండా మనుషులే. ఎవరు వచ్చారో, ఎవరు ఏం మోసుకెళ్లారో ఆమెకు సరిగా గుర్తులేదు. స్ట్రెచర్ల చక్రాల మోత, డాక్టర్ గొంతు, ఎవరో ఏడవడం. పంతులమ్మ మాత్రం తనను తీసుకెళ్తుంటే పిచ్చుక చెయ్యి పట్టుకుని, "నేను పోతానా? నిజం చెప్పు" అని అడిగింది.

"లేదు టీచర్" అంది పిచ్చుక. అబద్ధమో నిజమో తనకే తెలియదు.

మధ్యాహ్నానికి రక్తపరీక్షలు వచ్చాయి. ఆరుగురివీ ఒకటే తీరు, రక్తకణాలు పగిలిపోయాయి. ఐదుగురికి రక్తం ఎక్కిస్తే తేరుకుంటారన్నారు. దర్జీ తాతను మొదట ఎక్కించారు కాబట్టి ఆయనకే ఎక్కువ దెబ్బ తగిలింది. ఐసీయూలో గొట్టం వేసి ఊపిరి ఆడిస్తున్నారు, రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు.

ఆమె బట్టలు మార్చుకునే గదిలో తలుపు వేసుకుని అక్కకు ఫోను చేసింది. అక్క గొంతు వినగానే ఏడుపొచ్చింది.

"ఏమైందే? ఏడుస్తున్నావా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"అక్కా, పుస్తకం చూశాక కూడా ఐదు నిమిషాలు ఊరుకున్నానే. పొద్దున వాసన వచ్చినప్పుడే అనుమానం వచ్చింది. అడిగాను, చూశాను అంటే నమ్మాను. గట్టిగా అడిగితే ఏమనుకుంటారో అని భయపడ్డాను."

"ముందు మంచినీళ్లు తాగు. తర్వాత జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసిపెట్టుకో, టైముతో సహా. వింటున్నావా? ఇప్పుడే రాయి" అంది అక్క. నవ్వలేదు.

ఎందుకు రాయమందో నాలుగింటికి సూపరింటెండెంట్ గదిలో తెలిసింది.

పెద్ద బల్ల. అవతల సూపరింటెండెంట్, పక్కన ఫైళ్లతో ఒక గుమాస్తా. ఓ మూల కుర్చీలో ఇన్‌ఛార్జి తల వంచుకుని కూర్చున్నాడు. తాళం సంగతి అడగడానికి పిలిపించారు కాబట్టి ఆయా గోడవారన నిలబడి ఉంది. సూపరింటెండెంట్ ఒక కాగితం తీసి పిచ్చుక వైపు తోశాడు. మొదటిరోజు సంతకాల్లో పంతొమ్మిదో పేజీ.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే సార్."

"నీళ్ల పరీక్ష ఎలా చేయాలో నాకు నేర్పించారు, షిఫ్టు మొదలుకాకముందు నేను చేస్తాను అని రాసుంది. ఇవాళ మీరు చేశారా?"

ఆ పేజీ చదివిన గుర్తు కూడా లేదు. "నాకెవరూ నేర్పలేదు సార్. గది చూపించమని అడిగితే అక్కర్లేదన్నారు."

"మరి సంతకం ఎందుకు పెట్టారు?"

ప్రతి ఆసుపత్రిలో అలాగే పెడతామని చెప్తే అది ఇంకో తప్పు ఒప్పుకున్నట్టే. బల్ల మీద చూసింది. నీళ్ల పుస్తకం అక్కడ లేదు. "నీళ్ల పుస్తకం తెప్పించండి సార్. అందులో శనివారం దాకా..."

"పుస్తకం కనిపించడం లేదట" అన్నాడు గుమాస్తా.

ఆమె ఇన్‌ఛార్జి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. అప్పుడు ఆమెకు తెలిసింది ఇది ఎటు పోతోందో. పాతవాడికి ఇరవై ఏళ్ల పేరుంది. తనకేమో మూడు రోజుల ముఖం, రెండేళ్ల కిందట కాగితాల్లో రాసిన చెడ్డమాట. తాత పోతే ఆ చావు తన మెడకే చుట్టుకుంటుంది. అరువు మనిషి కాబట్టి వెనకేసుకొచ్చేవాళ్లు ఒక్కరూ లేరు.

"సార్, నేనో మాట చెప్పొచ్చా?" గోడ దగ్గర్నించి ఆయా గొంతు.

"తాళం సంగతి అడుగుతాం, ఆగు."

"తాళం సంగతే సార్. ఆ గది తాళం రెండు నెలలుగా నా కొంగునే ఉంది. అంతకుముందు తాళంచెవి తగిలించే మేకు ఊడిపోతే, నీ దగ్గరుంచు అన్నారు సార్‌వాళ్లు. ఈ రెండు నెలల్లో ఎవరూ నన్ను అడగలేదు. ఇవాళ ఈ అమ్మ అడిగింది." సూపరింటెండెంట్ వైపు చూసి, "నా ఉద్యోగం పోతే పోనివ్వండి. ఆ తాతకు రోజూ దుప్పటి కప్పేదాన్ని నేనే" అంది.

సూపరింటెండెంట్ ఇన్‌ఛార్జి వైపు తిరిగాడు. "నిజమేనా?"

ఇన్‌ఛార్జి లేచి నిలబడ్డాడు. చొక్కా కింద నుంచి, బెల్టులో దోపుకున్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "మొదట్లో రోజూ చేసేవాణ్ణి సార్. ప్రతిరోజూ తెల్లగానే వచ్చేది. ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు" అన్నాడు. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. పిచ్చుకకు ఆయన మీద కోపం రావలసింది. రాలేదు. తనైనా ఇరవై ఏళ్లు ఒకేచోట ఉంటే ఇలా అయ్యేదేమో అనిపించింది.

ఆయనను ఆ సాయంత్రమే పనిలోంచి తప్పించారు. విచారణ జరుగుతుందన్నారు. ఆయాను ఎవరూ ఏమీ అనలేదు. పిచ్చుకను మెచ్చుకోనూ లేదు, పొమ్మననూ లేదు. సంతకం పెట్టేముందు చదవమని ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఆమె దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, అప్పుడు సంతకం పెట్టింది. పదమూడు వారాలూ ఉండి, నీళ్ల పని కూడా చూసుకోమన్నారు.

దర్జీ తాత నాలుగు రోజులు మాట లేకుండా ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆమె పని అయ్యాక ఐసీయూ అద్దం దగ్గర నిలబడేది. లోపలికి వెళ్లే ధైర్యం చాలేది కాదు. తాత కొడుకు ఒకసారి పక్కనే వచ్చి నిలబడి, ఆమె ఎవరో తెలియక, "ఎవరో కొత్త నర్సంట, ఆపిందంట. లేకపోతే ఆ పూటే పోయేవాడంట" అన్నాడు. ఆమె తల ఊపింది, అంతే. ఐదో రోజు గొట్టం తీశారు. తాత బతికాడు. కానీ చేతుల్లో సత్తువ పోయింది. సూదిలో దారం ఎక్కించడం ఇక కుదరదని డాక్టర్ చెప్పింది.

ట్యాంకుల్లో బొగ్గు మార్చడానికి వారం పట్టింది. అంతవరకూ మిగతా ఐదుగురినీ బండిలో వేరే ఆసుపత్రికి పంపారు. ఎనిమిదో రోజు పొద్దున అందరూ తిరిగి వచ్చారు. వచ్చారుగానీ మంచాల మీద ఎవరూ పడుకోలేదు. గోడలకు ఆనుకుని నిలబడ్డారు, యంత్రాలను కరిచే కుక్కల్ని చూసినట్టు చూస్తూ.

"నేను నా కళ్లతో చూస్తేగానీ సూది వేయించుకోను" అంది పంతులమ్మ.

"రండి టీచర్, చూద్దురుగాని" అంది పిచ్చుక.

ఐదుగురూ, వెనక ఆయా, వరసగా నడవాలోకి నడిచారు. నీళ్ల గది గుమ్మంలో ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తూ గుమిగూడారు. పిచ్చుక కుళాయి తిప్పి సీసాలో నీళ్లు పట్టింది. పొడి వేస్తుంటే సగం నేల మీద పడింది. ఇంకో పొట్లం చింపింది. సీసా ఎత్తి వెలుతురుకు పట్టింది. లారీ డ్రైవరు పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెడుతున్నాడు.

నీళ్లు తెల్లగానే ఉన్నాయి.

"ఇంకోసారి చెయ్యండి సిస్టర్" అన్నాడు డ్రైవరు. ఇంకోసారి చేసింది. తెల్లగానే ఉన్నాయి. పుస్తకంలో ఆ రోజు గడి ఒక్కటే నింపి, టైము వేసి, పంతులమ్మ చేత కూడా సంతకం పెట్టించింది. పంతులమ్మ పైన రాసిన వరసలన్నీ చదివి, అప్పుడు పెట్టింది.

హాల్లోకి వచ్చాక పంతులమ్మ మొదటగా పడుకుని చెయ్యి చాపింది. పిచ్చుక స్పిరిట్ దూది అద్ది, సూది తీసింది. మొన్నటిదాకా చల్లని చెయ్యి అని పేరున్న ఆ చెయ్యి, ఇప్పుడు సూది కొన కనిపించనంతగా వణుకుతోంది. ఆగింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ ఆగింది.

"ఏం సిస్టర్, భయమా?" అంది పంతులమ్మ.

దాచి లాభం లేదనిపించింది. "అవును టీచర్. చాలా భయంగా ఉంది."

పంతులమ్మ తన చెయ్యి వైపు చూపించింది. మంచం అంచు మీద వేళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "నాకూ అంతే. నువ్వు భయపడుతున్నావు కాబట్టే నీ చేత వేయించుకుంటున్నా. కానీయ్."

పిచ్చుక మోచేతిని మంచం మీద ఆనించి, ఊపిరి బిగబట్టి సూది గుచ్చింది. గొట్టంలోకి రక్తం వచ్చింది. ఆమె కుర్చీ లాక్కుని ఆ గొట్టం పక్కనే కూర్చుని దాని రంగు చూస్తూ ఉండిపోయింది. మిగతా నలుగురూ, ఎవరి మంచం దగ్గర వాళ్లు నిలబడి, తమ వంతు కోసం ఎదురుచూశారు.